గ్రామీణ మహిళా నాయకత్వ సదస్సులు: వేదిక ఎవరిది, జవాబు ఎవరికి?

గ్రామాల్లో సంఘాలను నడిపే స్త్రీలను ఏడాదికొకసారైనా ఒకచోట కూర్చోబెట్టాలన్న మాటకు ఎవరూ అడ్డు చెప్పరు. ప్రభుత్వ శాఖలు, స్వచ్ఛంద సంస్థలు, సమాఖ్యలు, సహకార సంఘాలు ఏదో ఒక పేరుతో ఆ పని చేస్తూనే ఉన్నాయి. పేచీ అంతా ఎలా జరపాలన్న దగ్గరే. ఒకరు దాన్ని శిక్షణ తరగతి అనుకుంటారు, ఒకరు మహాసభ అనుకుంటారు, మరొకరు ఆడవాళ్లు మనసు విప్పి మాట్లాడుకునే చోటు అనుకుంటారు. ఎవరిని పిలవాలి, ఎన్నాళ్లు జరపాలి, వేదిక మీద ఎవరుండాలి, ఖర్చు ఎవరు పెట్టాలి అన్న ప్రశ్నలకు ఒక్కో వర్గం ఒక్కో జవాబు చెబుతుంది. నాలుగు దశాబ్దాల సంఘాల అనుభవం ఉన్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ వాదాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఎవరు దేని కోసం వాదిస్తున్నారో తెలియని స్థితికి వచ్చాయి. వాటిని విడదీసి చూడటం ఈ సమీక్ష మొదటి పని. రెండోది, ఆ వాదాలన్నీ తక్కువగా పట్టించుకున్న ఒక విషయాన్ని ముందుకు తేవడం. సదస్సు జరిగే రోజు మీద పెట్టిన శ్రద్ధలో సగం కూడా మనం దానికి ముందూ వెనకా జరగాల్సిన పని మీద పెట్టలేదు. ప్రతినిధి ఎవరి మాట పట్టుకుని వచ్చింది, తిరిగి వెళ్లి ఎవరికి జవాబు చెప్పింది అన్న రెండు ప్రశ్నలే సదస్సు విలువను తేలుస్తాయి.

సభల చరిత్ర: పట్నం నుంచి పల్లెకు

తెలుగునాట స్త్రీల సభల చరిత్ర పట్టణాల్లో మొదలైంది. 1902లో మచిలీపట్నంలో బండారు అచ్చమాంబ మొదలైనవారి పూనికతో బృందావన స్త్రీ సమాజం ఏర్పడింది. 1927లో పూనాలో అఖిల భారత మహిళా సభ తొలి సమావేశం జరిగింది. నిజాం రాష్ట్రంలో ఆంధ్ర మహాసభల వెంట మహిళా సభలు కూడా నడిచాయి. 1937లో దుర్గాబాయి మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నెలకొల్పారు. చదువు, బాల్యవివాహాలు, ఆస్తిహక్కు వంటి ప్రశ్నలను బహిరంగ చర్చలోకి తెచ్చిన ఘనత ఈ సభలది. అయితే వేదిక మీద మాట్లాడినవారు చదువుకున్న పట్నవాసులు, వాళ్లు మాట్లాడింది మాత్రం చాలావరకు అక్కడ లేని పల్లె ఆడవాళ్ల గురించి. ఒకరి తరఫున మరొకరు మాట్లాడే ఈ అలవాటు తర్వాతి కాలపు సదస్సులకు కూడా వారసత్వంగా వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1952లో మొదలైన సమాజ వికాస పథకం, 1953లో దుర్గాబాయి అధ్యక్షతన ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఊళ్లలో మహిళా మండళ్లకు ఊపిరి పోశాయి. కుట్టుపని, పోషకాహారం, శిశు సంరక్షణ ఈ మండళ్ల పని. మండలి అధ్యక్షురాలు సాధారణంగా ఊళ్లో పలుకుబడి గల ఇంటి ఇల్లాలు. స్త్రీల స్థితిగతుల మీద 1974లో వెలువడిన ‘సమానత్వం దిశగా’ నివేదిక గ్రామీణ స్త్రీలకు నిజమైన అధికార వేదికలు లేవని గుర్తించి, గ్రామస్థాయిలో చట్టబద్ధమైన మహిళా పంచాయతీలు ఉండాలని సూచించింది. ఆ సూచన అలాగే అమలు కాలేదు గానీ, సేవ చేసే స్త్రీకీ నిర్ణయాలు చేసే స్త్రీకీ తేడా ఉందన్న ఎరుక అక్కడి నుంచి బలపడింది.

1982లో గ్రామీణ ప్రాంతాల మహిళా శిశు అభివృద్ధి పథకం, అంటే డ్వాక్రా, వచ్చింది. 10 నుంచి 15 మంది పేద స్త్రీలు ఒక సంఘంగా కూడి పొదుపు చేసుకుని, అప్పు తీసుకుని, ఏదో ఒక పని మొదలుపెట్టడం దాని ఆలోచన. 1992లో నాబార్డు 500 సంఘాలతో ప్రయోగాత్మకంగా బ్యాంకు అనుసంధానం మొదలుపెట్టింది. 1990ల నడుమ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం చేయూతతో కర్నూలు, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో సంఘాల మీద సమాఖ్యలు కట్టే ప్రయత్నం జరిగింది. 2000లో ప్రపంచ బ్యాంకు రుణంతో వెలుగు, దాన్ని నడపడానికి గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) వచ్చాక అదే నిర్మాణం రాష్ట్రమంతా పాకింది. కింద సంఘం, దాని మీద గ్రామైక్య సంఘం, ఆపైన మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య. 2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ ఈ నమూనా నుంచే చాలా తీసుకుంది. ప్రతి అంచెలోనూ లీడర్లు, ఓబీ మెంబర్లు అనే పదాధికారులు ఉంటారు గనుక వాళ్లకు సదస్సులు తప్పనిసరి అయ్యాయి. నేటి చర్చ అంతా ఈ నిర్మాణం నీడలో జరుగుతున్నదే.

నెల్లూరు అడిగిన ప్రశ్న

నాయకత్వ సదస్సుల గురించి మాట్లాడే ఎవరైనా 1992 నాటి నెల్లూరు సారా వ్యతిరేక ఉద్యమాన్ని దాటి పోలేరు. ఏ నాయకత్వ సదస్సూ జరగకుండానే లేచిన ఉద్యమం అది. సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమంలో రాత్రిపూట బడికి వచ్చిన ఆడవాళ్లు వాచకంలో సారా దుకాణం మూయించిన స్త్రీ కథ చదివారు. దూబగుంటలో ఆ కథ పాఠంగా ఆగిపోలేదు. రోశమ్మ వంటివారు ముందు నిలిచారు, కల్లాపి చల్లే చేతుల్లో చీపుళ్లూ కారప్పొడీ కనిపించాయి, ఊరి నుంచి ఊరికి కబురు పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. రెండోది 1997లో సడలిపోయింది.

దీన్నుంచి రెండు వర్గాలు రెండు పాఠాలు తీశాయి. నాయకత్వం సమస్యలో నుంచి పుడుతుందే తప్ప సదస్సుల్లో తయారు కాదని ఒక వర్గం అంది. అక్షరాస్యత బడి అనే క్రమం తప్పని కూడిక లేకపోతే ఆ కోపం ఇళ్లలోనే ఆవిరయ్యేదని రెండో వర్గం అంది. రెండు మాటల్లోనూ నిజముంది. నిషేధం సడలిన నాటికి ఆ స్త్రీల తరఫున జిల్లా స్థాయిలో, రాష్ట్ర స్థాయిలో నిలదీసే స్థిరమైన ప్రతినిధి వ్యవస్థ లేదన్నది కూడా నిజమే. ఉద్యమశక్తి నెల్లూరులో రోజుకో రూపాయి దాచే ‘పొదుపు లక్ష్మి’ వైపు మళ్లింది. పొదుపు నిలబడింది, కానీ మద్యం మీద ప్రభుత్వాన్ని జవాబు అడిగే గొంతు పలచబడింది. నాయకత్వం పుట్టడం వేరు, అది నిలిచి జవాబు రాబట్టడం వేరు అని నెల్లూరు చూపించింది.

నాలుగు ధోరణులు

మొదటిది శిక్షణ ధోరణి. సెర్ప్, గ్రామీణాభివృద్ధి సంస్థలు, బ్యాంకులు ఎక్కువగా ఇటే మొగ్గుతాయి. వీరి దృష్టిలో నాయకురాలికి కావాల్సింది నైపుణ్యం. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తక నిర్వహణ అనే పంచసూత్రాలు, లింకేజీ రుణాల లెక్కలు, పథకాల అర్హతలు నేర్పితే నాయకత్వం దానంతటదే వస్తుందని వీరి నమ్మకం. ఈ ధోరణి సాధించింది తక్కువేమీ కాదు. లక్షల మంది స్త్రీలు బ్యాంకు మేనేజరు ఎదుట కూర్చుని లెక్క అడగగలుగుతున్నారు. ఇందులోంచే వచ్చిన సీఆర్పీ (కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్) పద్ధతి మరీ మెరుగైనది. పేదరికం నుంచి బయటపడిన సంఘ సభ్యురాలే జట్టుగా వేరే ఊరు వెళ్లి, 15 రోజుల పాటు అక్కడే ఉండి సంఘాలు కట్టిస్తుంది. ఆంధ్ర ప్రాంతపు సీఆర్పీలు బీహారు దాకా వెళ్లి అక్కడి జీవనోపాధుల కార్యక్రమమైన జీవికా సంఘాలకు చేయూతనిచ్చారు. లోటు ఏమిటంటే, శిక్షణ సదస్సులో ఏం నేర్పాలో పైనుంచే ఖరారవుతుంది. నాయకురాలు క్రమంగా పథకం సమాచారాన్ని కిందికి చేరవేసే మనిషిగా మారుతుంది. కింది మాట పైకి తీసుకుపోయే పని వెనకబడుతుంది.

రెండోది చైతన్య ధోరణి. 1988లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టి, 1993లో మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాలకు వచ్చిన మహిళా సమతా కార్యక్రమం దీనికి మంచి ఉదాహరణ. ఇక్కడ పొదుపుకు మొదటి చోటు లేదు. ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని తమ బతుకు తామే తర్కించుకోవడం, పాట కట్టడం, నాటకం ఆడటం, ఆ తర్వాత నిర్ణయానికి రావడం దీని తీరు. బాల్యవివాహాలు, జోగిని ఆచారం, గృహహింస, కూలిరేట్లు వంటివి చర్చకు వచ్చింది ఇలాంటి చోటే. వేదిక, మైకు, ముఖ్య అతిథి లేని సదస్సులో ఎప్పుడూ నోరు విప్పని స్త్రీ కూడా మాట్లాడుతుందని ఈ ధోరణి నిరూపించింది. అయితే ఇది చాలావరకు సమర్థులైన సహయోగినులు అనే కార్యకర్తల మీద ఆధారపడుతుంది. పెద్ద సంఖ్యలో నడపడం కష్టం. ఫలితాలను పట్టికల్లో చూపడం మరీ కష్టం. 2016 నాటికి కేంద్ర నిధులు ఆగిపోయాక నిలబడ్డ చోట్ల నిలబడ్డది స్థానిక సమాఖ్యలు గట్టిగా ఉన్నందువల్లే.

మూడోది ప్రాతినిధ్య ధోరణి. వరంగల్ పరిసరాల్లో సహవికాస సంస్థ చేయూతతో పెరిగిన మహిళా పొదుపు సహకార సంఘాలు, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం దీనికి ఆధారం. సంఘం సొమ్ము సభ్యులదే గనుక సభ్యులకే లెక్క చెప్పాలి. మహాసభ అంటే ఎన్నిక, ఆడిట్, లాభనష్టాల పంపకం, వచ్చే ఏటి బడ్జెటు. ఇక్కడ వక్తలు ఉండరు, ఎజెండా ఉంటుంది. నాయకత్వమంటే మొదట బాధ్యత అన్నది దీని బలమైన పాఠం. ఈ ధోరణి మీద వచ్చే విమర్శ ఏమిటంటే, లెక్కలు చదవగలిగినవారిదే పైచేయి అవుతుంది. సొమ్ముకు సంబంధం లేని ప్రశ్నలు ఎజెండాలోకి ఎక్కవు.

నాలుగోది జనసమీకరణ ధోరణి. దీనిలో రెండు పాయలు ఉన్నాయి, వాటిని కలిపి చూడటం వల్లే చాలా అయోమయం పుట్టింది. ఒకటి రాజకీయ సభ. వడ్డీ లేని రుణమో, కొత్త పథకమో ప్రకటించడానికి బస్సుల్లో సంఘాల ఆడవాళ్లను తరలించి, ఒకే రంగు చీరల్లో కూర్చోబెట్టే సభ ఇది. రెండోది జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు సంక్రాంతి రోజుల్లో మొదలుపెట్టే పాత పంటల జాతర. అలంకరించిన ఎడ్లబండ్ల మీద జొన్న, కొర్ర, సామ, కంది విత్తనాలు ఊరూరా తిరుగుతాయి. బండి ఆగిన చోటల్లా సాగు గురించి, విత్తనం గురించి ఊరివాళ్లతో చర్చ నడుస్తుంది. ఎక్కువమంది చదువుకోని దళిత స్త్రీలు ఇక్కడ మాట్లాడేది తమకు అందరికన్నా బాగా తెలిసిన విషయం మీద. రెండింటిలోనూ జనం ఉన్నారు, పండగ వాతావరణం ఉంది. రాజకీయ సభలో ఆడవాళ్లు శ్రోతలు, జాతరలో వాళ్లే వక్తలు.

పక్కపక్కన పెట్టి చూస్తే

శిక్షణ ధోరణి: బలం నైపుణ్యం, విస్తృతి. లోటు, ఎజెండా పైనుంచి రావడం.
చైతన్య ధోరణి: బలం నోరులేనివారికి నోరు రావడం. లోటు, విస్తరించలేకపోవడం, బయటి నిధుల మీద ఆధారం.
ప్రాతినిధ్య ధోరణి: బలం లెక్క, ఎన్నిక, బాధ్యత. లోటు, చదువుకున్నవారి ఆధిక్యం, చర్చ సొమ్ము దగ్గరే ఆగడం.
జనసమీకరణ ధోరణి: బలం ఆత్మగౌరవం, నలుగురి కంటా పడటం. లోటు, వేదిక చేతులు మారితే సభ్యులు ప్రేక్షకులు కావడం.

నాలుగింటికీ ఒక ఉమ్మడి లక్షణం ఉంది. సదస్సు లోపల ఏం జరగాలన్నదే వీటి ప్రధాన చింత. ప్రాతినిధ్య ధోరణి ఒక్కటే బయటికి కొంత తొంగి చూసింది. ఎన్నికల ద్వారా కింది సభ్యులను సదస్సుతో ముడిపెట్టింది. అయినా రెండు మహాసభల నడుమ ఆ ముడి ఎలా నిలబడాలన్నది అదీ పూర్తిగా తేల్చలేదు.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి

సదస్సుల మీద నేరుగా జరిగిన అధ్యయనాలు తక్కువే గానీ, సంఘాల మీద, గ్రామసభల మీద గట్టి పని జరిగింది. పశ్చిమ బెంగాల్ సంఘాలను పరిశీలించిన పరోమితా సన్యాల్, స్త్రీలు కలిసికట్టుగా కదలడానికి అప్పు కన్నా క్రమం తప్పక కలుసుకోవడమే ఎక్కువ తోడ్పడిందని చూపారు. మధ్యప్రదేశ్‌లో సోలెదాద్ ప్రిల్లమాన్ చేసిన పరిశోధన, సంఘంలో ఉన్న స్త్రీలు రాజకీయంగా మరింత చురుగ్గా పాల్గొంటారని, ఇంటి గడప దాటిన స్నేహబంధాలు అందుకు కారణమని తేల్చింది. 2015లో వెలువడిన కారిన్ బ్రోడీ బృందపు సమీక్ష, ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి, సంఘాల వల్ల స్త్రీల ఆర్థిక, రాజకీయ శక్తి, బయట తిరిగే స్వేచ్ఛ పెరిగాయని, మానసిక సాధికారత విషయంలో మాత్రం ఆధారం దొరకలేదని చెప్పింది. అందరికన్నా పేదలైన స్త్రీలు సంఘాల్లోకి రావడం తక్కువన్న హెచ్చరిక కూడా అందులో ఉంది.

సదస్సు నిర్వాహకులు మరీ శ్రద్ధగా చదవాల్సింది తమిళనాడు గ్రామసభల మాటలను అక్షరం పొల్లుపోకుండా రాసి పరిశీలించిన పార్థసారథి, రావు, పళనిస్వామిల 2019 అధ్యయనం. సభకు ఆడవాళ్లు బాగానే వచ్చారు. అయినా మాట్లాడే అవకాశం, చర్చను తమ విషయం వైపు తిప్పే అవకాశం, అధికారి నుంచి జవాబు పొందే అవకాశం వాళ్లకు మగవాళ్ల కన్నా తక్కువగా దక్కాయి. పంచాయతీ అధ్యక్షురాలు స్త్రీ అయిన చోట స్త్రీల మాటకు జవాబు ఎక్కువగా దొరికింది. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీల మీద రాఘవేంద్ర చట్టోపాధ్యాయ్, ఎస్తేర్ దుఫ్లో 2004లో ప్రచురించిన పరిశోధన కూడా స్త్రీలు సర్పంచులైన చోట స్త్రీలు కోరే పనుల మీద, ముఖ్యంగా తాగునీటి మీద ఖర్చు పెరిగిందని చూపింది. హాజరు పట్టీ నిండినంత మాత్రాన గొంతు వినబడినట్టు కాదు, గొంతు వినబడినంత మాత్రాన జవాబు దొరికినట్టూ కాదు. మన సదస్సు నివేదికలు ఈ మూడింటిలో మొదటిదాన్నే లెక్కపెడతాయి.

సదస్సుకు ముందు, సదస్సుకు తర్వాత

మండల కేంద్రంలో మామూలుగా జరిగే ఒకరోజు సదస్సును గుర్తు చేసుకుంటే విషయం తేటపడుతుంది. ఉదయం పదింటికి మొదలవ్వాల్సిన సభ ముఖ్య అతిథి కోసం పన్నెండు దాకా ఆగుతుంది. జ్యోతి ప్రజ్వలన, స్వాగత గీతం, పూలబొకేలు, శాలువాలు అయ్యాక ఏపీఎం, ఎంపీడీవో, బ్యాంకు ప్రతినిధి, నాయకులు వరసగా మాట్లాడతారు. భోజనాల తర్వాత ‘సభ్యుల అభిప్రాయాలు’ అన్న అంశం వచ్చేసరికి దూరపు ఊళ్లవాళ్లు పల్లెవెలుగు బస్సు వేళ చూసుకుంటుంటారు. ఇద్దరు ముగ్గురు అలవాటైన వక్తలు మైకు అందుకుంటారు. ముందే రాసిపెట్టిన తీర్మానాలను చదువుతారు, చప్పట్లతో ఆమోదం అవుతుంది, ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్తాయి. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. ఊరి నుంచి వచ్చిన స్త్రీ ఏ ప్రశ్న తీసుకుని వచ్చిందో అడిగే చోటు ఆ కార్యక్రమ పత్రంలో లేదు, అంతే.

ఈ లోటును పూరించే మార్గం వేదిక అలంకరణలో లేదు, సదస్సుకు నెలన్నర ముందు జరిగే గ్రామైక్య సంఘం సమావేశంలో ఉంది. ఆ సమావేశం మూడు పనులు చేయాలి. ఊరి తరఫున సదస్సులో లేవనెత్తాల్సిన ఒకటి రెండు అంశాలను చర్చించి తీర్మానాల పుస్తకంలో రాయాలి. ఎవరు వెళ్లాలో అక్కడే తేల్చాలి, ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది గనుక లీడరు వెళ్లడం కాదు. వెళ్లినామె తిరిగి వచ్చాక ఏ తేదీన సభ్యులకు చెప్పాలో కూడా అప్పుడే నిర్ణయించాలి. ఈ పద్ధతి లోకంలో లేనిదేమీ కాదు. 1897లో కెనడాలో మొదలై, 1915లో బ్రిటన్ చేరిన గ్రామీణ మహిళా సంస్థలైన విమెన్స్ ఇన్‌స్టిట్యూట్లు బ్రిటన్‌లో ఏటా ఇలాంటిదే చేస్తాయి. సభ్యులు పంపిన తీర్మానాలను వడపోసి, ఊరూరా చర్చకు పెట్టి, ఆ తర్వాతే జాతీయ వార్షిక సభలో ఓటుకు తెస్తారు. అక్కడికి వచ్చే ప్రతినిధి చేతిలో తన ఊరి అభిప్రాయం ఉంటుంది. వారి సమాజం వేరు, మన కులవర్గాల చిక్కులు వేరు. అయినా ఎజెండా కింది నుంచి పైకి వెళ్లే క్రమం మన గ్రామైక్య సంఘం, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అంచెలకు చక్కగా సరిపోతుంది. నిర్మాణం మన దగ్గర సిద్ధంగా ఉంది. ఇప్పుడది పైనుంచి కిందికి మాత్రమే పనిచేస్తోంది.

సదస్సు రోజున మార్పు చిన్నదే అయినా కచ్చితంగా ఉండాలి. ఉదయం పూట, అందరూ ఉత్సాహంగా ఉన్న వేళ, ఊళ్ల నుంచి వచ్చిన అంశాలకు కేటాయించాలి. అధికారుల వంతు మధ్యాహ్నం, అదీ ఆ అంశాలకు జవాబు రూపంలో. ఇరవై మందికి మించని జట్లుగా కూర్చుంటే పెద్ద సభలో మాట్లాడని స్త్రీ మాట్లాడుతుంది. అవును, కాదు, ఫలానా తేదీలోగా చెబుతాం అన్న మూడింటిలో ఒకటి ప్రతి అంశం ఎదుటా పుస్తకంలో పడాలి. తర్వాతి సదస్సులో మొదట చదవాల్సింది ఆ పుట. ఇలా చేస్తే నాలుగు ధోరణులూ ఒకదాన్నొకటి తోసేయవు. ఊరి సమావేశంలో చైతన్య ధోరణి, ప్రతినిధి ఎంపికలో ప్రాతినిధ్య ధోరణి, లేవనెత్తిన అంశాలకు తగిన నైపుణ్యంలో శిక్షణ ధోరణి, సాధించినదాన్ని నలుగురికీ చాటడంలో జాతర, తమతమ చోట ఇముడుతాయి.

అభ్యంతరాలు, సమాధానాలు

మొదటి అభ్యంతరం అనుభవజ్ఞులైన అధికారులది. ఊళ్లను అడిగితే వచ్చే అంశాలన్నీ రోడ్డు, రేషన్ కార్డు, పింఛను వంటివే ఉంటాయని, నాయకత్వ సదస్సు అర్జీల దినంగా మారుతుందని వారి భయం. ఇది కొట్టిపారేయదగ్గది కాదు. కానీ పింఛను అర్జీలో కూడా నాయకత్వం ఉంది. ఒక్కరి అర్జీ వ్యక్తిగతం, పన్నెండు ఊళ్ల నుంచి ఒకే అర్జీ వస్తే అది విధానంలోని లోపం. ఆ తేడాను గుర్తించి, విడి ఫిర్యాదులను ఉమ్మడి ప్రశ్నగా మలచడమే నాయకురాలు నేర్వాల్సిన మొదటి విద్య. సారా మీద నెల్లూరు ఆడవాళ్ల పోరు కూడా ఇంటింటి గోడు ఒక్కటేనని తెలిసిన రోజునే మొదలైంది.

రెండో అభ్యంతరం డబ్బుది. భోజనాలు, ప్రయాణం, హాలు ఖర్చు ప్రభుత్వమే భరిస్తున్నప్పుడు ఎజెండా దానిదే అవుతుందని, సంఘాలు సొంత ఖర్చుతో పెట్టుకుంటే తప్ప స్వతంత్రం రాదని కొందరంటారు. ఇందులో సగం నిజముంది. అయితే సొంత సొమ్ము ఉన్న సమాఖ్యలూ అధికారుల ఎజెండానే పాటించడం కనిపిస్తుంది, ఎందుకంటే రుణం, పథకం, అనుమతి అన్నీ అటునుంచే రావాలి. డబ్బు ఎవరిదన్నదాని కన్నా తీర్మానాల పుస్తకం ఎవరి చేతిలో ఉందన్నదే ముఖ్యం. ఖర్చులో కొంత భాగం, అది చిన్నదైనా, సంఘాల వాటా ఉంటే ఆ పుస్తకం అడిగి చూసే హక్కు మరింత బలపడుతుంది.

మూడోది, పెద్ద సభ వల్ల వచ్చే ధైర్యాన్ని తక్కువ చేస్తున్నారన్న అభ్యంతరం. ఇల్లు దాటి ఎరగని స్త్రీ వేలమంది మధ్య కూర్చోవడమే ఒక సాధికారత అంటారు. మొదటిసారికి అది నిజమే. ఆమే ఐదోసారి కూడా శ్రోతగానే కూర్చుంటే దాన్ని ఇంకా సాధికారత అనలేం. నాలుగోది పదవుల మార్పు గురించి. రెండు మూడేళ్లకోసారి లీడర్లను మారిస్తే అనుభవం వృథా అవుతుందన్నది సమాఖ్యల్లో తరచు వినిపించే మాట. పాత లీడరును సలహాదారుగా, సీఆర్పీగా, కొత్తవారికి తోడుగా ఉంచే ఏర్పాటు ఉంటే అనుభవం పోదు. మార్చకపోతే మాత్రం ఒకే మనిషి సదస్సులన్నిటికీ తిరిగి, ఊళ్లో మిగిలినవారికి సమాఖ్య అంటే ఆమె ఇల్లే అన్న పరిస్థితి వస్తుంది.

ఇంకా తేలనివి

ఎంత చక్కటి పద్ధతి పెట్టినా కొన్ని ప్రశ్నలు దానితో తీరవు. మొదటిది కులం. దళిత, ఆదివాసీ స్త్రీలు సంఘాల్లో సభ్యులుగా ఉన్నంతగా సమాఖ్య పదవుల్లో కనిపించడం లేదన్నది చాలా చోట్ల ఉన్నదే. పదవుల్లో రిజర్వేషన్ పెట్టాలా, ప్రతి మండలంలో వేరు సమావేశం జరిపి ఆ తర్వాత ఉమ్మడి సభకు రావాలా అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. జహీరాబాద్ అనుభవం వేరు సంఘాల వైపు మొగ్గుతుంది, సమాఖ్య నిర్మాణం ఉమ్మడి వైపు. రెండోది భాష. ఆదిలాబాద్ గోండు స్త్రీలు, భద్రాద్రి కోయ స్త్రీలు, తండాల లంబాడీ స్త్రీలు పాల్గొనే సదస్సు తెలుగులోనే, అదీ ఆఫీసు తెలుగులో నడిస్తే వాళ్ల ఊరి తీర్మానం ఎంత పకడ్బందీగా ఉన్నా సభలో తేలిపోతుంది.

మూడోది కాలం, కూలి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితమైంది. ఛార్జీల బాధ తగ్గింది గానీ ఆ రోజు కూలి ఎవరిస్తారన్న ప్రశ్న అలాగే ఉంది. పత్తి తీసే రోజుల్లో, మిర్చి కోతల్లో, నాట్ల వేళ పెట్టిన సదస్సుకు సొంత పొలం, ఇంట్లో మరో మనిషి ఉన్నవారే రాగలుగుతారు. రాత్రి బస ఉన్న రెండు రోజుల సదస్సులో చర్చ లోతుగా సాగుతుంది, కానీ పసిపిల్లల తల్లులు రాలేరు. పిల్లలను చూసుకునే ఏర్పాటు లేకుండా ‘యువతులు ముందుకు రావాలి’ అనడం వట్టిమాట.

నాలుగోది, అన్నిటికన్నా ముదిరినది, స్వచ్ఛంద సేవ పేరుతో జరిగే చాకిరీ. లీడర్లు, ఓబీ మెంబర్లు జీతం లేకుండా పథకాల సర్వేలు, సభల జనసమీకరణ, రుణవసూళ్లు చేస్తున్నారు. 2023లో గ్రామైక్య సంఘాల సహాయకులైన తెలంగాణ ఐకేపీ వీవోఏలు సమ్మెకు దిగినప్పుడు ఈ ప్రశ్న బజారుకెక్కింది. సేవకు గౌరవ వేతనం ఇస్తే నాయకురాలు ఉద్యోగి అయిపోతుందని ఒక వాదన, ఇవ్వకపోతే తీరిక గలవారికే నాయకత్వం దక్కుతుందని మరో వాదన. ఇందులో రెండో వాదన వైపే ఆధారాలు ఎక్కువ మొగ్గుతున్నాయి. పేద స్త్రీకి అందుబాటులో లేని నాయకత్వాన్ని స్వచ్ఛందం అనడం కన్నా మినహాయింపు అనడం సబబు. అయితే వేతనం ప్రభుత్వం నుంచి వస్తే జవాబు కూడా ప్రభుత్వానికే చెప్పాల్సి వస్తుంది. సమాఖ్య నిధి నుంచి, సభ్యుల తీర్మానంతో ఇచ్చే దినభత్యం ఒక మధ్యేమార్గం కావచ్చు. దాన్ని పెద్ద ఎత్తున పరీక్షించాల్సి ఉంది.

ఈ నాలుగింటికీ రాష్ట్రమంతటికీ సరిపోయే ఒకే జవాబు పైనుంచి రావడం సాధ్యం కాదు, రావాల్సిన అవసరం కూడా లేదు. కులం, భాష, కాలం, కూలి ఊరూరా మారేవి. వాటి మీద నిర్ణయం ఆ ఊరి స్త్రీల సమావేశంలోనే జరగాలి. సదస్సులు ఎన్ని జరిగాయి, ఎంతమంది వచ్చారు అన్న లెక్కల బదులు కిందటేడు లేవనెత్తిన అంశాల్లో ఎన్నిటికి జవాబు వచ్చింది, ఆ జవాబు ఎన్ని ఊళ్ల తీర్మానాల పుస్తకాల్లోకి ఎక్కింది అని లెక్కపెట్టడం మొదలైతే, ఏ ధోరణి దేనికి పనికొస్తుందో ఆ లెక్కలే చెబుతాయి. ఆ లెక్క అడిగే మొదటి హక్కు సంఘంలో వెనక వరసలో కూర్చునే సభ్యురాలిది.